డేటింగ్ యాప్‌ల నుంచి ప్రకటనదారులకు చేరుతున్న మన వివరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు నేను ఊహించి రాసినవి కావు. నెల్లూరులో డిగ్రీ విద్యార్థులకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. తరగతి అయిపోయాక తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి విద్యార్థులు అడిగినవి కొన్ని. వారి ద్వారా నంబరు తీసుకుని కావలి, ఒంగోలు, పొదిలి వైపు నుంచి ఫోన్ చేసినవారు అడిగినవి మరికొన్ని. అడిగినవారిని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. డేటింగ్ యాప్ వాడడం మంచిదా, చెడ్డదా అన్న చర్చ ఇక్కడ లేదు. వాడేవారి వివరాలు వారికి తెలియకుండా ఎవరి చేతికి పోతున్నాయన్నదే విషయం.

డేటింగ్ యాప్ నా గురించి ఏయే వివరాలు సేకరిస్తుంది?

మీరు చేత్తో నింపేవి కొన్ని, మీరు నింపకుండానే చేరేవి కొన్ని. పేరు, పుట్టిన తేదీ, ఫొటోలు, మతం, చదువు, మద్యం అలవాటు ఉందా లేదా, అబ్బాయి కోసం వెతుకుతున్నారా అమ్మాయి కోసమా అన్నవి మొదటి రకం. రాత్రి ఎన్ని గంటలకు యాప్ తెరిచారు, ఎవరి ఫొటో దగ్గర ఎంతసేపు ఆగారు, ఎవరిని పక్కకు నెట్టేశారు, ఆ సమయంలో ఎక్కడ ఉన్నారు, మీ ఫోన్ ఏ మోడల్ అన్నవి రెండో రకం. 2017లో ఫ్రాన్స్‌కు చెందిన ఒక జర్నలిస్టు, ఐరోపా చట్టం తనకిచ్చిన హక్కును వాడుకుని, తన గురించి ఉన్నదంతా ఇవ్వమని టిండర్ అనే డేటింగ్ యాప్ సంస్థను అడిగితే సుమారు 800 పేజీలు వచ్చాయి. ఆమె మరిచిపోయిన సంభాషణలు కూడా అందులో తేదీలతో సహా ఉన్నాయి.

గోప్యతా విధానం (ప్రైవసీ పాలసీ)లో "మా భాగస్వాములతో పంచుకోవచ్చు" అని ఉంటుంది. ఆ భాగస్వాములు ఎవరు?

ఒకసారి ఒక విద్యార్థి తాను వాడే యాప్ గోప్యతా విధానాన్ని ల్యాబ్‌లో ప్రింటు తీసుకుని నా దగ్గరికి తెచ్చాడు. పెన్సిలుతో ఒకే మాట కింద గీత గీసుకుంటూ వచ్చాడు: భాగస్వాములు. పేజీలు తిరిగే కొద్దీ ఆ గీతలు పెరిగాయే గానీ, ఒక్క భాగస్వామి పేరు కూడా కనబడలేదు. "మేడం, మా నాన్నకు రొయ్యల గుంటల్లో ఇద్దరు భాగస్వాములున్నారు. వాళ్ల పేర్లు మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు" అన్నాడు. నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. మన దగ్గర భాగస్వామి అంటే పెట్టుబడి పెట్టినవాడు, నష్టం వస్తే పంచుకునేవాడు. యాప్‌లు చెప్పే భాగస్వామికి మీ నష్టంలో వాటా లేదు.

అసలు వారెవరంటే, యాప్‌లో ప్రకటనలు చూపించే సంస్థలు, ఎవరు ఏ బటన్ నొక్కుతున్నారో లెక్కగట్టే విశ్లేషణ సంస్థలు, వివరాలను కొని అమ్మే డేటా బ్రోకర్లు. యాప్ తయారుచేసేవారు ప్రతి పనీ సొంతంగా రాసుకోరు. ఇతర సంస్థలు సిద్ధం చేసి ఇచ్చిన ఎస్‌డీకే అనే సాఫ్ట్‌వేర్ ముక్కలను తెచ్చి తమ యాప్‌లో కలుపుకుంటారు. మీరు యాప్ తెరవగానే ఆ ముక్కలు కూడా మేలుకొని, వాటి సొంత యజమానులతో నేరుగా మాట్లాడడం మొదలుపెడతాయి. మీకు తెరమీద కనబడేది ఒకే యాప్, లోపల మాత్రం పలువురి చెవులున్నాయి.

ఇది అనుమానమా, రుజువైన సంగతా?

రుజువైనదే. 2018లో స్వలింగ ఆకర్షణ గల పురుషులు ఎక్కువగా వాడే గ్రైండర్ అనే డేటింగ్ యాప్, తన వినియోగదారులు ప్రొఫైల్‌లో రాసుకున్న హెచ్ఐవీ స్థితిని రెండు బయటి సంస్థలకు పంపుతోందని నార్వే పరిశోధకులు బయటపెట్టారు. విమర్శలు వచ్చాక ఆ వివరాన్ని పంపడం ఆపుతామని సంస్థ ప్రకటించింది. 2020 జనవరిలో నార్వే వినియోగదారుల మండలి 10 యాప్‌లను పరీక్షించి నివేదిక ఇచ్చింది. వాటిలో గ్రైండర్, టిండర్, ఓకేక్యూపిడ్ ఉన్నాయి. ఆ పది యాప్‌ల నుంచి కనీసం 135 బయటి సంస్థలకు సమాచారం వెళ్తున్నట్టు అందులో తేలింది.

దాని మీద వచ్చిన ఫిర్యాదును విచారించి, నార్వే డేటా రక్షణ సంస్థ 2021 డిసెంబరులో గ్రైండర్‌కు 6.5 కోట్ల నార్వే క్రోనర్ల జరిమానా విధించింది. 2024లో ఓస్లో న్యాయస్థానం కూడా ఆ జరిమానాను సమర్థించింది. జరిమానా మొత్తం కంటే అందులో చెప్పిన కారణాలే మనకు ముఖ్యం. మొత్తం విధానాన్ని ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తామని షరతు పెట్టి తీసుకున్నది సమ్మతి కాదని చెప్పారు. అంతకంటే లోతైన మాట మరొకటి ఉంది: ఒక మనిషి ఆ యాప్‌లో ఉన్నాడన్న సంగతే అతని లైంగికత గురించి చెప్పేస్తుంది కాబట్టి, యాప్ పేరు బయటికి పోవడం కూడా సున్నితమైన సమాచారం పోవడమేనని తేల్చారు.

ఇదంతా ఒక్క యాప్ చేసిన తప్పని అనుకోవద్దు. 2024లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వెనక ఉన్న మొజిల్లా సంస్థ 25 డేటింగ్ యాప్‌ల విధానాలను సమీక్షించి, 22 యాప్‌లకు గోప్యత విషయంలో హెచ్చరిక ముద్ర వేసింది.

నా పేరు, ఫోన్ నంబరు ప్రకటనదారులకు ఇవ్వడం లేదని యాప్ చెబుతోంది. ఇక భయమెందుకు?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువమంది మోసపోయేదీ ఇక్కడే. అందుకే దీనికి కొంచెం ఎక్కువగా సమాధానం చెప్పాలి.

మీ ఫోన్‌కు ప్రకటనల కోసమే పుట్టిన ఒక గుర్తింపు సంఖ్య ఉంది. దాన్ని అడ్వర్టయిజింగ్ ఐడీ అంటారు. అంకెలు, అక్షరాలు కలిపి 32 ఉంటాయి, మధ్యలో గీతలతో అయిదు ముక్కలుగా కనిపిస్తుంది. చూస్తే దానికి అర్థం ఉండదు, మీ పేరు అందులో ఉండదు. కానీ మీరు వాడే డేటింగ్ యాప్, వాతావరణం చూసే యాప్, ఆటల యాప్ అన్నీ అదే సంఖ్యను బయటికి పంపుతాయి కాబట్టి, అన్నింటినీ ఒక దండగా గుచ్చడానికి అది దారంలా పనిచేస్తుంది. మీ నంబరు, ఈమెయిలు ఇచ్చేటప్పుడు కూడా వాటిని హ్యాష్ అనే గజిబిజి వరుసగా మార్చి ఇస్తున్నామని సంస్థలు చెబుతాయి. ఒకే నంబరును ఒకే పద్ధతిలో ఎన్నిసార్లు మార్చినా ఒకే వరుస వస్తుంది. కాబట్టి అవతలి సంస్థ దగ్గర మీ నంబరు ముందే ఉంటే, రెండు వరుసలు పక్కపక్కన పెట్టి మీరేనని తెలుసుకోవడం క్షణాల పని. మన దేశంలో మొబైల్ నంబరుకు ఉన్నవి పది అంకెలే, సాధ్యమైన నంబర్లన్నింటికీ వరుసలు ముందే తయారుచేసి పెట్టుకోవడం కంప్యూటర్‌కు పెద్ద పని కాదు.

ఇక లొకేషన్ సంగతి. అక్షాంశంలో దశాంశ బిందువు తర్వాత రెండు అంకెలు ఉంటే సుమారు ఒక కిలోమీటరు పరిధి తెలుస్తుంది. నాలుగు అంకెలుంటే సుమారు 11 మీటర్లు, అంటే ఒక ఇల్లు. 2013లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో 15 లక్షల మంది మొబైల్ కదలికలను పరిశీలించారు. ఏ సమయంలో ఎక్కడ ఉన్నారో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, 95 శాతం మంది మిగిలిన అందరి నుంచి విడిపడి కనిపించారు. అది లక్షల మంది ఉన్న గుంపులో జరిగిన లెక్క.

ఇప్పుడు దాన్ని మన ఊళ్లకు తెచ్చి చూడండి. హైదరాబాదులో ఒక అపార్టుమెంటులో వందల ఫోన్లుంటాయి, మ్యాప్ మీద కనిపించే ఒక చుక్క ఎవరిదో తేల్చడానికి కొంత శ్రమ పడాలి. కనిగిరి పక్కన ఒక చిన్న గ్రామంలో రాత్రి పదకొండు గంటలకు ఒక ఇంట్లో ఒక ఫోన్, పగలు అదే ఫోన్ చీమకుర్తిలో ఒక గ్రానైట్ క్వారీ ఆఫీసులో ఉందనుకుందాం. ఆ రెండు చుక్కలు కలిపితే అది ఎవరో చెప్పడానికి కంప్యూటర్ అక్కర్లేదు, ఊళ్లో టీ బంకు దగ్గర కూర్చున్న ఎవరిని అడిగినా ఇంటిపేరుతో సహా చెబుతారు. మన పల్లెల్లో మనిషిని ఇంటిని బట్టే గుర్తుపడతారు. అలాంటిచోట ఇల్లు తెలిశాక పేరు దాచిపెట్టామని చెప్పడం నిజాయితీ గల మాట కాదని నా అభిప్రాయం. పేరు లేని సమాచారం అన్న భరోసా మహానగరాలకు ఎంత వర్తిస్తుందో గానీ, మన దగ్గర నిలబడదు.

ప్రకటనదారులకు ఈ వివరాలు ఎలా చేరతాయి?

వేలంపాట ద్వారా. మీరు యాప్ తెరవగానే ప్రకటనకు ఒక ఖాళీ చోటు ఏర్పడుతుంది. ఆ చోటు మీద అప్పటికప్పుడు పాట మొదలవుతుంది. పాడేవారికి సరుకు చూపించాలి కాబట్టి, ఈ ఫోన్ ఐడీ ఇది, వాడుతున్న యాప్ ఇది, వయసు ఇంత, ఉన్న చోటు ఇది అని ఒక చీటీ ఒకేసారి అనేక సంస్థలకు వెళ్తుంది. సెకనులో పదో వంతు గడిచేలోపు ఎక్కువ పాడినవారి ప్రకటన మీ తెరమీదికి వస్తుంది.

కొత్తపట్నం ఒడ్డున చేపల పాట చూసినవారికి దీనిలోని అన్యాయం వెంటనే అర్థమవుతుంది. అక్కడ పాట ఓడినవాడు ఖాళీ బుట్టతో వెళ్తాడు. ఇక్కడ ఓడినవారి చేతిలో కూడా ఆ చీటీ మిగిలిపోతుంది. దాన్ని దాచుకోకుండా ఆపే సాంకేతిక అడ్డు ఏదీ లేదు. ప్రకటన వేసే ఉద్దేశమే లేకుండా, చీటీల కోసమే పాటలో కూర్చునే సంస్థలు కూడా ఉన్నాయి.

దీనివల్ల నిజంగా ఎవరైనా నష్టపోయారా?

2021 జులైలో అమెరికాలో కేథలిక్ బిషప్పుల మండలిలో ఉన్నత బాధ్యతలో ఉన్న ఒక మతాచార్యుడు పదవికి రాజీనామా చేయవలసి వచ్చింది. ఒక వార్తాసంస్థ బజారులో దొరికే లొకేషన్ సమాచారాన్ని సంపాదించి, గ్రైండర్ సంకేతాలు వచ్చిన ఒక ఫోన్ ఆయన నివాసం దగ్గర, ఆయన ఆఫీసు దగ్గర కనిపించిందని పోల్చి ప్రచురించింది. ఎవరూ ఆయన ఫోన్‌ను హ్యాక్ చేయలేదు, పాస్‌వర్డు దొంగిలించలేదు. ప్రకటనల కోసం సేకరించిన సమాచారమే ఆ పని చేసింది. ఆయన చేసింది తప్పా ఒప్పా అన్న తీర్పు ఎవరిదైనా కావచ్చు, అలా బయటపెట్టే శక్తి డబ్బున్న ఎవరికైనా దొరకడం అందరికీ ప్రమాదమే.

2025 జనవరిలో గ్రేవీ అనలిటిక్స్ అనే లొకేషన్ డేటా సంస్థ మీద హ్యాకర్లు దాడి చేశారు. బయటపడిన ఫైళ్లలో టిండర్, గ్రైండర్ వంటి యాప్‌ల పేర్లు కనిపించాయి. ఆ సంస్థ పేరు ఆ యాప్‌లు వాడినవారిలో దాదాపు ఎవరూ అంతకుముందు విని ఉండరు.

నేను డబ్బు కట్టి వాడుతున్నాను. నాకు ఈ బెడద ఉండదు కదా?

డబ్బు కడితే ప్రకటనలు కనబడకపోవచ్చు. ప్రకటనలు కనబడకపోవడం వేరు, వివరాలు వెళ్లకపోవడం వేరు. మీ యాప్ విధానంలో రెండో మాట స్పష్టంగా రాసి ఉందేమో చూడండి.

పెళ్లి సంబంధాల యాప్‌లకు కూడా ఇవన్నీ వర్తిస్తాయా?

పని జరిగే తీరు ఒకటే. పైగా అక్కడ కులం, గోత్రం, జీతం, జాతకం, తల్లిదండ్రుల ఉద్యోగాలు కూడా ఇస్తాం. ఇంట్లో పెద్దలే దగ్గర కూర్చుని నింపుతారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. గోప్యతా విధానం చదవడం, అనుమతులు తగ్గించడం వంటి జాగ్రత్తలు అక్కడ కూడా తీసుకోవాలి.

యాప్‌ను ఫోన్‌లోంచి తీసేశాను. అంతటితో అయిపోయినట్టేనా?

కాదు. ఫోన్‌లోంచి యాప్‌ను తీసేస్తే మీ ఖాతా సంస్థ దగ్గర అలాగే ఉంటుంది, మీ ఫొటో ఇతరులకు కనిపిస్తూనే ఉండవచ్చు. ముందు యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఖాతాను శాశ్వతంగా రద్దు చేయాలి, ఆ తర్వాతే యాప్‌ను తీసేయాలి. ఇప్పటికే బయటికి వెళ్లిన చీటీలను వెనక్కి తెచ్చే మార్గం మన చేతిలో లేదు. అయితే అడ్వర్టయిజింగ్ ఐడీని తొలగిస్తే పాత చీటీలకు, రేపటి మీ కదలికలకు మధ్య ఉన్న ప్రధానమైన దారం తెగుతుంది.

"ఒప్పుకుంటున్నాను" అని నేనే నొక్కాను. ఇక చట్టం నాకేం సాయం చేస్తుంది?

ఆ నొక్కుడుతో మీ హక్కులన్నీ పోయాయని అనుకోవద్దు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, అన్నీ తెలిసి, షరతులు లేకుండా, స్పష్టంగా ఇచ్చినదై ఉండాలని ఆ చట్టంలోని ఆరో సెక్షన్ చెబుతోంది. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోవడం ఇచ్చినంత సులభంగానే ఉండాలి. మీ వివరాలు ఎవరెవరికి ఇచ్చారో సంస్థను అడిగే హక్కు, చెరిపేయమని కోరే హక్కు ఉన్నాయి. సంస్థ విదేశంలో ఉన్నా, మన దేశంలోని వారికి సేవలు అందిస్తుంటే చట్టం వర్తిస్తుంది. భద్రతా ఏర్పాట్లలో విఫలమైన సంస్థకు రూ. 250 కోట్ల వరకు జరిమానా పడవచ్చు.

మనవాళ్లు తప్పక తెలుసుకోవలసిన అంశం మరొకటి ఉంది. సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా గానీ చదువుకునే వీలు కల్పించాలని చట్టం చెబుతోంది. వాటిలో తెలుగు ఉంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన ఆత్మకూరు అమ్మాయి చేత, ఇంగ్లీషులో న్యాయవాదులు రాసిన పేజీలకు ఒక్క వేలిముద్దరతో ఒప్పుదల తీసుకునే పద్ధతికి ఇది చెల్లుచీటీ కావాలని నా కోరిక. అడగకపోతే ఇవ్వరు కాబట్టి, యాప్‌లకు ఉత్తరం రాసేటప్పుడు తెలుగు నోటీసు కావాలని తప్పకుండా అడగండి.

చట్టంలోని లోటుపాట్లు కూడా చెప్పాలి. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతి, హక్కులకు సంబంధించిన ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే వరకు. లైంగికత, ఆరోగ్యం వంటి వాటిని 2011 నాటి ఐటీ నియమాలు సున్నితమైన సమాచారంగా విడిగా గుర్తించాయి. కొత్త చట్టంలో ఆ విభజన లేదు. పాత ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్ కింద నష్టపోయిన మనిషి పరిహారం కోరే వీలుంది. కొత్త చట్టం పూర్తిగా అమలైనప్పుడు ఆ సెక్షన్ రద్దవుతుంది. జరిమానా సొమ్ము ప్రభుత్వ ఖజానాకు వెళ్తుంది. నష్టపోయింది ఒకరు, డబ్బు చేరేది మరొకచోటికి. ఇది సరైన ఏర్పాటు కాదు, దీన్ని సవరించాలి.

ఈ రోజే నా ఫోన్‌లో ఏమేం మార్చుకోవాలి?

ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో యాడ్స్ తెరిచి, అడ్వర్టయిజింగ్ ఐడీని డిలీట్ చేయండి. కొన్ని ఫోన్లలో ఇది గూగుల్ అన్న విభాగం కింద ఉంటుంది. నేను తరగతిలో దీన్ని చేసి చూపించినప్పుడు ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆ పేజీ తమ ఫోన్‌లో ఉందని అప్పటివరకు తెలిసిన విద్యార్థి ఒక్కరూ లేరు. ఐఫోన్ అయితే, ట్రాక్ చేయవచ్చా అని యాప్ అడిగినప్పుడు వద్దని చెప్పండి. ఈ ఏర్పాటు 2021 ఏప్రిల్ నుంచి ఉంది.

తర్వాత లొకేషన్. యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే అన్న అనుమతిని ఎంచుకుని, దాని కిందే కనిపించే ఖచ్చితమైన లొకేషన్ అన్న మీటను ఆపేయండి. అప్పుడు ఇల్లు కాకుండా సుమారు ప్రాంతం మాత్రమే వెళ్తుంది. మన చిన్న ఊళ్లలో అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఇచ్చే మార్పు ఇదేనని నేను నమ్ముతాను. ఫేస్‌బుక్ ఖాతాతో లాగిన్ కావద్దు. బ్యాంకుకు, ఉద్యోగ దరఖాస్తులకు ఇచ్చిన ఈమెయిలు కాకుండా వేరే ఈమెయిలు వాడండి. యాప్ అడిగే ప్రశ్నలన్నింటికీ జవాబు ఇవ్వనక్కర్లేదు. ఆరోగ్యం, మతం, రాజకీయాలకు సంబంధించిన గడులను ఖాళీగా వదిలేయండి.

మా అబ్బాయి ఫోన్‌లో ఈ యాప్ చూశాను. నేనేం చేయాలి?

ఒంగోలు నుంచి ఒక తల్లి ఏడుస్తూ అడిగిన ప్రశ్న ఇది. పిల్లవాడికి 18 ఏళ్లు నిండకపోతే ఆ యాప్‌లో ఖాతా ఉండకూడదు. కూర్చోబెట్టి మాట్లాడి రద్దు చేయించండి. పిల్లల కదలికలను గమనించి వారికి ప్రకటనలు గురిపెట్టడాన్ని కొత్త చట్టం కూడా నిషేధిస్తోంది. 18 దాటితే మాత్రం ఫోన్ లాక్కోవద్దు, బంధువుల ముందు పెట్టవద్దు. అతని రహస్యం బయటపడుతుందేమోనన్నదే మీ భయమైతే, దాన్ని మొదట బయటపెట్టే చేయి మీది కాకూడదు. పై సమాధానంలోని మార్పులు అతని పక్కన కూర్చుని చేయించండి.

నా వివరాలు పట్టుకుని ఎవరైనా బెదిరిస్తే?

డబ్బు పంపవద్దు. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతారు. భయంతో సంభాషణలు చెరిపేయవద్దు; బెదిరించిన సందేశాలు, నంబర్లు, యూపీఐ ఐడీలు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్మును బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా ఫిర్యాదు చేయవచ్చు. భయపెట్టి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహితలోని 308వ సెక్షన్ కింద నేరం.

సొంత ఊరి స్టేషన్‌లో నాన్నకు తెలిసినవాళ్లున్నారని వెనకాడేవారు చాలామంది ఉన్నారు. నేరం ఎక్కడ జరిగిందన్న దానితో సంబంధం లేకుండా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. పొదిలిలో ఉన్నవారు ఒంగోలు వెళ్లవచ్చు, కావలిలో ఉన్నవారు నెల్లూరు రావచ్చు. తర్వాత కేసు మీ ప్రాంతపు స్టేషన్‌కు బదిలీ కావచ్చు కాబట్టి, మీ భయం ఏమిటో ఫిర్యాదు ఇచ్చేటప్పుడే అధికారికి చెప్పండి. వెళ్లేటప్పుడు మీరు నమ్మే ఒక మనిషిని వెంట తీసుకెళ్లండి, స్క్రీన్‌షాట్లను తేదీల వరుసలో ప్రింటు తీసుకుని ఒక ప్రతిని మీ దగ్గరే ఉంచుకోండి, ఎఫ్ఐఆర్ ప్రతి ఇవ్వమని అడగండి. దాన్ని మీకు ఉచితంగా ఇవ్వాలి.